బాలి ప్రయాణికులకు పదకొండు సూచనలు

ఆగస్టు 3

అక్షయ సింగపూరు నుంచి ఫోను చేసింది. తన పెళ్ళి అక్టోబరు తొమ్మిదిన, బాలిలోనంట. సముద్రం ఒడ్డున హోటలు. మన వైపు నుంచి పాతికమంది, పెళ్ళికొడుకు కళ్యాణ్ వాళ్ళ వైపు నుంచి పదిహేను. సగంమందికి విమానం ఎక్కడం ఇదే మొదలు. ఏం తెచ్చుకోవాలి, ఏం తేకూడదు, ఎయిర్‌పోర్టులో ఎవరేం అడుగుతారు, అన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి పెట్టమంది. "నువ్వు రాస్తేనే అందరికీ అర్థమవుతుంది అత్తా" అంది. ముప్పై రెండేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పినదాన్ని. రాస్తానన్నాను.

ఫోను పెట్టేసేక తోచింది. పెళ్ళిలో నేనెక్కడుంటానో అది చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆగస్టు 4

సాయంత్రం తమ్ముడు సాలమోను వచ్చి శుభలేఖ ఫోనులో చూపించేడు. "శ్రీమతి మార్త, శ్రీ సాలమోను దంపతుల ఏకైక కుమార్తె." నా పేరు కింద అభినందనల వరుసలో ఉంది, ఇంకో పదిమంది పేర్ల మధ్యన.

అక్కడ పెళ్ళికూతుర్ని తల్లీ తండ్రీ చెరోపక్కా పట్టుకుని ఇసక మీద నడిపించుకొస్తారంట. చెప్తూ వాడు సంబరపడుతున్నాడు. నా తమ్ముడే గానీ, ఎదుటి మనిషి మొహం చూసి మాట్లాడ్డం చిన్నప్పటి నుంచీ రాదు.

నాలుగేళ్ళ పిల్లని నా గుమ్మంలో దింపి మార్త కువైట్ వెళ్ళింది. పన్నెండేళ్ళు. ఆటలమ్మ వచ్చినా, పదో తరగతి లెక్కల పరీక్ష ముందు భయపడి ఏడ్చినా నా ఒళ్ళోనే. తర్వాత ఆవిడ వచ్చింది, ఎదురుగా మేడ కట్టింది, పిల్ల రోడ్డు దాటి వెళ్ళిపోయింది. ఆవిడ తీసుకెళ్ళిపోయిందని అందరితోనూ అంటాను. పిల్లే వెళ్ళింది.

ఇవన్నీ ఎందుకు. రాయాల్సినవి సూచనలు.

ఆగస్టు 10

రాయడానికి కూర్చున్నాను. మార్త వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నాను, రాలేదు. హ్యాండ్ బ్యాగులో కత్తెరలు, బ్లేడ్లు పెట్టొద్దని రాయమంది. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచీలోనే ఉండాలని రాయమంది. అవి నాకు తెలుసని, యెరూషలేము వెళ్ళొచ్చినదాన్నని చెప్పేను.

"మీరు ఒక్కసారి వెళ్ళేరు వదినగారూ. నేను పన్నెండేళ్ళు తిరిగేను" అంది.

తిరిగింది నిజమే. నేను వెళ్ళింది చూడ్డానికి, ఆవిడ వెళ్ళింది ఒకళ్ళింట్లో గచ్చు తుడవడానికి. ఈ మాట పైకి అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆగస్టు 17

ఇవాళ పూర్తయింది. పన్నెండు సూచనలు. బాగా వచ్చేయని నాకే అనిపించింది. పాస్‌పోర్టు, టికెట్టు, హోటలు కాగితం మూడేసి కాపీలు తీయించుకోవడం. బీపీ, షుగరు మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతి సంచీలో పెట్టుకోవడం. ఆవకాయ, నెయ్యి చేతి సంచీలో వద్దు, పెద్ద పెట్టెలో రెండు కవర్లు చుట్టి పెట్టాలి. కౌలాలంపూర్‌లో విమానం మారినప్పుడు పెట్టెల గురించి కంగారు పడొద్దు, అవే వస్తాయి. గడియారం రెండున్నర గంటలు ముందుకి తిప్పుకోవాలి. అక్కడ ఇచ్చే నోట్ల మీద సున్నాలు చూసి భయపడొద్దు. ఎవరైనా సరే కొత్తవాళ్ళ సంచీ పట్టుకోమంటే పట్టుకోకూడదు. ఇసకలో నడవాలి కాబట్టి ఎత్తు మడమల చెప్పులు వద్దు. కొబ్బరికాయలు తేవద్దు, అక్కడా ఉన్నాయి. ఇది నవ్వు కోసం కాదు, మావాళ్ళు నిజంగా తెస్తారు.

పన్నెండోది: పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటి నుంచి కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి, లేకపోతే విమానం ఎక్కనివ్వరు. యెరూషలేము వెళ్ళినప్పుడు మా బృందంలో ఒకాయన్ని ఇందుకే వెనక్కి పంపేసేరు. 

మలికిపురం వెళ్ళి ఫిలిప్‌కి ఇచ్చొచ్చేను. నా దగ్గర చదువుకున్నవాడే, బస్టాండు దగ్గర డీటీపీ షాపు పెట్టుకున్నాడు. టైపు చేసి ఉంచుతానన్నాడు.

ఆగస్టు 20

టికెట్లు చెయ్యడానికి మన వైపు వాళ్ళందరి పాస్‌పోర్టుల ఫోటోలూ అక్షయ అడిగింది. పేర్లలో తప్పులుంటే పట్టుకోమని ముందు నాకు పంపమంది. కళ్యాణ్ వాళ్ళవి వాళ్ళే చూసుకుంటారంట. ఇవాళ్టికి ఇరవై నాలుగు వచ్చేయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఇరవై అయిదోది మార్తది. మధ్యాహ్నం వచ్చింది.

గడువు ఫిబ్రవరి 20.

మేం దిగేది అక్టోబరు ఎనిమిదిన. నాలుగు నెలల పన్నెండు రోజులు.

రేపు చెప్పాలి.

ఆగస్టు 21

పొద్దుట్నుంచీ వాన. గోదావరికి వరద, లంకల్లోకి నీళ్ళొచ్చేయంటున్నారు. బయటికి వెళ్ళలేదు. ఎదురిల్లే, కానీ వెళ్ళలేదు.

ఆగస్టు 22

ఫిలిప్ షాపుకి వెళ్ళేను. ప్రూఫు చూసేను. రెండు ఒత్తులు ఎగిరిపోయేయి, దిద్దేను. పన్నెండో సూచన ఒక్కటీ రెండో పేజీలోకి వెళ్ళిపోయింది. రెండు పేజీలైతే ఎవడూ చదవడు. అది తీసెయ్యమన్నాను.

"అక్షరం కాస్త చిన్నది చేస్తే ఒక్క పేజీలోకే వచ్చేస్తాదండి టీచరుగారూ" అన్నాడు.

పెద్దవాళ్ళకి చిన్న అక్షరాలు కనపడవన్నాను. ఇది నిజమే. సువార్త సభల కరపత్రాలు నాకే కనపడవు. వాడు "ఆయ్" అని తీసేసేడు.

ఆగస్టు 23

పాస్‌పోర్టు గడువులు చూడ్డం టికెట్లు చేసేవాళ్ళ పని. కంప్యూటర్లోనే పట్టేసుకుంటుందంట. నన్ను చూడమన్నది పేర్లు.

ఆగస్టు 30

కళ్యాణ్ వాళ్ళ నాన్నగారు కొత్తపేట నుంచి వచ్చేరు, వాళ్ళ వైపు వాళ్ళకి కాగితాలు పట్టుకెళ్ళడానికి. తన తల్లిగారిని, అంటే కళ్యాణ్ నాయనమ్మని కూడా తీసుకొచ్చేరు. సువార్తమ్మగారు. డెబ్భై నాలుగేళ్ళంట. పిట్టలాంటి మనిషి. చూపు బాగానే ఉందిగానీ, రాసినావిడ చదివితే వినాలనుందన్నారు. చదివేను. ఒక్కో సూచనా అయ్యేక ఆవిడ దాన్ని మళ్ళీ తన మాటల్లో నాకు అప్పజెప్పేరు, నా క్లాసులో ఒక్క పిల్లా అంత శ్రద్ధగా వినలేదు. బైబిలు చేతి సంచీలో పెట్టుకోవచ్చా, అంత సేపూ కూర్చుంటే కాళ్ళు పొంగుతాయా, విమానంలో బాత్రూముకి ఎవర్ని అడగాలి, ఇలా నేను రాయనివి కూడా అడిగేరు. అన్నీ చెప్పేను.

కళ్యాణ్‌కి రెండేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయిందంట. అప్పట్నుంచీ ఈవిడే పెంచేరు. "మీరూ పెంచేరంట కదండీ" అన్నారు నా చెయ్యి పట్టుకుని. ఆ మాట నాతో అన్న మనిషి ఈ పెళ్ళి మొత్తంలో ఆవిడొక్కరే. ఎప్పుడో పదేళ్ళ కింద యెరూషలేము వెళ్దామని పాస్‌పోర్టు తీయించుకున్నారంట, ఆ ఏడాది వాళ్ళాయనకి పక్షవాతం వచ్చి ప్రయాణం ఆగిపోయిందంట. అది ఇన్నాళ్ళకి పనికొచ్చిందని నవ్వేరు.

నాకావిడ నచ్చేరు.

సెప్టెంబరు 6

మార్త కాగితం పట్టుకుని వచ్చింది. ఈసారి లోపలికొచ్చి కూర్చుంది. ఒక్కో లైను కిందా వేలు పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా నా ఎదురుగానే చదివింది. నెమ్మదిగా చదువుతుంది, ఏడో తరగతే కదా. చదివేక అడిగింది.

"అన్నీ రాసేరా వదినగారూ? ఏదీ వదిలెయ్యలేదు కదండీ?"

"అన్నీ రాసేను" అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. "సరే అయితే" అని వెళ్ళిపోయింది.

టీచర్ని నేను. నాకు పరీక్ష పెట్టడానికి ఆవిడెవరు.

సెప్టెంబరు 9

మార్త కాకినాడ వెళ్ళిందంట, చీరలకి. సాలమోను చెప్పేడు. అమలాపురంలో దొరకని చీరలు ఏముంటాయో.

సెప్టెంబరు 14

ఇంకా టైముంది. తత్కాల్‌లో అయితే కొత్త పాస్‌పోర్టుకి వారం పది రోజులు చాలు.

సెప్టెంబరు 21

ఇంకా టైముంది.

సెప్టెంబరు 27

అక్షయ వీడియో కాల్ చేసింది. హోటలువాళ్ళు పంపిన ఫోటోలు చూపించింది. తెల్ల కుర్చీలు, మధ్యలో దారి, చివర పూల పందిరి, వెనకాల సముద్రం. "అమ్మా నాన్నా నన్ను తీసుకొచ్చేటప్పుడు నువ్వు మొదటి వరసలో ఉండాలి అత్తా. నాకు కనపడేలాగ" అంది. మొదటి వరసలో. కనపడేలాగ. 

ఫోను పెట్టేసేక రాజోలు వెళ్ళి పట్టుచీర కొన్నాను, మీగడ రంగుది, సన్న అంచు. ఒకవేళ ఏ కారణం చేతైనా ఎవరైనా రాలేకపోతే, ఆ పక్కన నడవడానికి ఇంకో మనిషి కావాలి కదా. అలా అవుతుందని కాదు. ఉంటే మంచిదని కొన్నాను.

అక్టోబరు 1

ఇప్పుడు చెప్పినా లాభం లేదు. ఈ వారంలో కొత్తది రాదు. ఇప్పుడు చెప్తే ఊరికే ఆవిణ్ణి కంగారు పెట్టడం. అంచేత చెప్పడం లేదు.

అక్టోబరు 4

ప్రార్థన చేసుకుందామని కూర్చున్నాను. ఏం అడగాలో తెలియక లేచేసేను.

అక్టోబరు 7

పొద్దున్నే బస్సు. పెట్టెలు ఎక్కించేటప్పుడు ఎవరి దాంట్లోంచో కొబ్బరికాయ దొర్లింది. రాసేను కదా తేవద్దని.

అక్టోబరు 8

సికింద్రాబాదు స్టేషను. రైలు కోసం కూర్చున్నాం. తర్వాత రాస్తాను.

అక్టోబరు 10

ఇంటికి నిన్న సాయంత్రం దాటేక వచ్చేను. వరసగా రాయాలి, లేకపోతే నాకు నచ్చినట్టు గుర్తుంచుకుంటాను.

శంషాబాద్‌లో కౌంటరు దగ్గర కావాలనే మార్త వెనకాల నిలబడ్డాను. ఎందుకో చెప్పలేను. అంటే, చెప్పగలను. ఆవిడ మొహం చూద్దామని. ఆవిడ వంతు వచ్చింది. సంచీలోంచి పాస్‌పోర్టు తీసింది. కొత్తది. అట్ట ఇంకా బిరుసుగా, బంగారు అక్షరాలు మెరుస్తూ ఉంది. పాతదాన్ని దానికి రబ్బరు బ్యాండుతో కట్టింది. కౌంటరులో అమ్మాయి చూసి, నవ్వి, బోర్డింగు పాసు ఇచ్చేసింది. మార్త పక్కకి తప్పుకుని నా వైపు చూసింది. చీరలకని చెప్పి కాకినాడలో పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళిందని నాకప్పుడు అర్థమైంది.

నా పాసు కూడా ఇచ్చేసేరు. అప్పుడు చివరి కౌంటరు దగ్గర గొడవ వినపడింది. గొడవ కూడా కాదు. కళ్యాణ్ వాళ్ళ నాన్నగారు గొంతు తగ్గించి బతిమాలుకుంటున్నారు. ఆయన పక్కన సువార్తమ్మగారు, చేతిలో నా కాగితం.

ఆవిడ పాస్‌పోర్టు జనవరి పదకొండు దాకానే ఉంది. మూడు నెలలు. పాస్‌పోర్టుకి ఉండేదే పదేళ్ళు. పదేళ్ళ కింద తీయించేనన్నారు నాతో. విన్నాను. నా చెవులతోనే విన్నాను.

"ఇందులో రాసినవన్నీ చేసేనండి. అన్నింటికీ టిక్కు పెట్టుకున్నాను, చూడండి" అని ఆవిడ ఆ అమ్మాయికి కాగితం చూపిస్తున్నారు. నీలం పెన్నుతో పదకొండు టిక్కులు. ఆ అమ్మాయికి తెలుగు వచ్చు. కాగితం పూర్తిగా చదివి, తలెత్తి, ఇందులో అసలు సంగతి లేదు అమ్మమ్మగారూ అంది.

పై ఆఫీసరు వచ్చేడు. గంటసేపు చూసేరు. రూలు రూలే అన్నారు. అక్కడ దిగినా అదే విమానంలో వెనక్కి పంపేస్తారన్నారు. కళ్యాణ్ ఫోనులో ఏడుస్తున్నాడు, వాళ్ళ నాన్నగారు "నువ్వు ఊరుకోరా" అంటూ తనే ఏడుస్తున్నారు. తల్లి లేని పిల్లాడు, తండ్రి కూడా వెళ్ళకపోతే ఎలా. ఆవిణ్ణి ఒక్కర్తినీ పంపలేరు. ఎవరాగాలని అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు.

మార్త నా మోచెయ్యి పట్టుకుని ట్రాలీలు పెట్టే చోటికి లాక్కెళ్ళింది.

"నా పాస్‌పోర్టు ఫోటో నీ దగ్గరికొచ్చిన రోజే నువ్వు చూసేవు. చెప్తావని చూసేను. ఆ కాగితం పట్టుకుని నీ ఇంటికొచ్చి అడిగేను. అప్పుడైనా చెప్తావనుకున్నాను."

ముప్పై ఏళ్ళలో మొదటిసారి నన్ను నువ్వు అంది.

నాకు దొరికిన మాట అందుకున్నాను. "నీకు తెలుసు కదా. కాగితంలో లేదని చూసేవు కదా. మరి మిగతావాళ్ళకి నువ్వెందుకు చెప్పలేదు?"

ఆవిడ ట్రాలీ పిడి పట్టుకుని నిలబడింది.

"చెప్పలేదు. ఆ గొయ్యి నాకోసమే తీసేవనుకున్నాను. నేను దాటేసేను కదా, చాలనుకున్నాను. ఇంకోళ్ళు పడతారని చూడలేదు. ఆ తప్పు నాది. నీ తప్పు నీది." తర్వాత గొంతు మార్చకుండానే అంది. "ఆవిణ్ణి నువ్వు ఇంటికి తీసుకెళ్ళు. జాలిపడి ఆగిపోయేనని చెప్పుకో, నీ ఇష్టం. నేను అక్షయకి ఏమీ చెప్పను."

"నేను రాకపోతే అక్షయ..."

"అక్షయకి నేనున్నాను" అంది.

వెళ్ళి కళ్యాణ్ వాళ్ళ నాన్నగారితో నేనాగుతానని చెప్పేను. ఆయన రెండు చేతులూ జోడించేరు. సాలమోను కళ్ళు తుడుచుకుని, మా అక్క మనసు ఇలాంటిది అని అందరికీ చెప్తున్నాడు. మార్త అప్పటికే లోపలికి వెళ్ళే లైనులో ఉంది. వెనక్కి తిరగలేదు.

రైల్లో సువార్తమ్మగారు ఏడవలేదు. మనవడు ఇసకలో నడవడానికని పంపిన కాన్వాసు బూట్లు విప్పి, తుడిచి, సంచీలో పెట్టి మామూలు చెప్పులు వేసుకున్నారు. తన వల్ల నా ప్రయాణం పాడైపోయిందని మూడుసార్లు అన్నారు. మూడుసార్లూ పర్లేదండి అన్నాను. 

నిన్న మధ్యాహ్నం కొత్తపేటలో ఆవిడింట్లోనే ఫోనులో పెళ్ళి చూసేం. ఇసక, తెల్ల కుర్చీలు. అక్షయ కుడిపక్కన సాలమోను, ఎడమపక్కన మార్త. మార్త నేననుకున్నంత ఎర్రగా కట్టుకోలేదు, బూడిద రంగు నేత చీర. బాగుంది. ఇంతలో సిగ్నలు ఆగిపోయి బొమ్మ అక్కడే నిలిచిపోయింది. సువార్తమ్మగారు ఆ నిలిచిపోయిన బొమ్మలోనే వెనకాల చిన్నగా కనపడుతున్న కళ్యాణ్‌ని వేలితో తాకి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నేను కళ్ళు మూసుకోలేదు.

నా మీగడ రంగు చీర పెట్టెలోనే ఉంది.

అక్టోబరు 12

ఆదివారం. గుడిలో పాస్టరుగారు నా సంగతి చెప్పేరు. చివరి నిమిషంలో తన సుఖం వదులుకుని పరాయి పెద్దావిడ కోసం ఆగిపోయిన మన టీచరుగారు అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూసేరు. బాగానే అనిపించింది. ఆ పూటకి.

అక్టోబరు 13

అక్షయ ఫోను. "కళ్యాణ్ నిన్ను తలుచుకోని రోజు లేదు అత్తా. నువ్వలాంటిదానివని నేను వాడికి ముందే చెప్పేను" అంది. సరే, ఉంటాను, కుక్కరు కూత వేస్తోందన్నాను. కుక్కరు పొయ్యి మీద లేదు.

అక్టోబరు 15

బాలి నుంచి అందరూ వచ్చేరు. పెళ్ళికొచ్చినవాళ్ళందరికీ పేరు రాసిన గుడ్డ సంచీలు ఇచ్చేరంట, సబ్బులు, కాఫీ పొడి. నాది మార్త తెచ్చి గేటు ఊచకి తగిలించి వెళ్ళిపోయింది. నేను వరండాలోనే ఉన్నాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

అక్టోబరు 17

రిసెప్షను కాగితాలు టైపు చేయించమని సాలమోను అడిగితే ఫిలిప్ షాపుకి వెళ్ళేను. పని అయ్యేక వాడు చిల్లర ఇస్తూ, కంప్యూటరు వైపే చూస్తూ అన్నాడు.

"ఆ పెద్దావిణ్ణి ఆపేసింది, మనం తీసేసిన పన్నెండో లైనేనంట కదండీ."

మనం అన్నాడు. వాణ్ణి కూడా కలుపుకున్నాడు, మర్యాదకి.

"పాత ఫైలు సిస్టంలో ఉండిపోయిందండి టీచరుగారూ. తీసెయ్యమంటారా?"

తీసెయ్యి అన్నాను. ఆయ్ అన్నాడు. నాలుగో తరగతిలో వాడికి అబద్ధం ఆడకూడదని రెండు అరిచేతుల మీదా బెత్తంతో కొట్టి చెప్పింది నేనే.

అక్టోబరు 19

కొత్తపేట వెళ్ళొచ్చేను. ఫిలిప్ ఎవరికైనా చెప్పేస్తాడని కాదు. వాడు చెప్పడు. నా అంతట నేనే వెళ్ళేను.

సువార్తమ్మగారు పెరట్లో చింతపండు గింజలు తీస్తున్నారు. నన్ను చూసి లేచి వచ్చి, కుర్చీ వేసి, వద్దన్నా వినకుండా కాఫీ కలిపి తెచ్చేరు. మొదటి గుక్క తాగేక చెప్పేను. పన్నెండోది ఉండేదని, నేనే తీయించేనని, ఎందుకు తీయించేనో కూడా చెప్పేను. ఇంకోలా చెప్పాలని దారంతా అనుకున్నాను. నోట్లోంచి ఉన్నదున్నట్టే వచ్చింది.

ఆవిడ చింతపండు పళ్ళెం ఒళ్ళోంచి తీసి కింద పెట్టేరు.

"మీ మరదలు వెళ్ళకూడదని తీసేరు."

"ఆయ్ అండి."

"ఆవిడ వెళ్ళింది."

"వెళ్ళింది."

పక్కింట్లో ఎవరో మోటారు వేసేరు, ఆపేసేరు.

"వాడికి రెండేళ్ళప్పట్నుంచి నేనే అని మీతో చెప్పేను. మీరూ ఒక పిల్లని పెంచేరు. అందుకని మీకు తెలుస్తాదనుకున్నానండి."

క్షమించమన్నాను. ఆ మాట ఆవిడ విన్నట్టు లేరు.

"మావాళ్ళకి చెప్పను. చెప్తే మీ పిల్ల మొహం చూసినప్పుడల్లా మావాడికి ఇదే గుర్తొస్తాది. మీరూ ఎవరికీ చెప్పకండి. పాస్టరుగారితో కూడా వద్దు. చెప్పేసుకుని మీరు తేలికపడిపోతే నాకు ఇష్టం లేదండి."

కాఫీ ఇంకా సగం ఉంది. ఆవిడ గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నారు.

"మళ్ళీ మా ఇంటికి రాకండమ్మా."

గొంతు పెంచలేదు. అండీ, అమ్మా అన్న మాటలు ఒక్కచోట కూడా వదల్లేదు. నాతోపాటే రోడ్డు దాకా వచ్చి, ఆటో ఆపి, "టీచరుగారండి, రావులపాలెం బస్సు దగ్గర జాగ్రత్తగా దింపు బాబూ" అని చెప్పి, ఆటో కదిలేదాకా నిలబడ్డారు.

అక్టోబరు 20

ఏమీ చెయ్యలేదు.

అక్టోబరు 22

రిసెప్షనుకి వెళ్ళకుండా ఉండడానికి ఏం జబ్బు చెప్పాలా అని ఆలోచించేను. అక్షయ వస్తోంది. వెళ్ళాలి.

అక్టోబరు 26

రాజోలులో ఫంక్షను హాలు. నాలుగువందల మంది. అక్షయ నన్ను చూసి స్టేజీ దిగి వచ్చి గట్టిగా కావలించుకుంది. బంగారం బరువుకి మెడ వంగిపోయి ఉంది పిల్లకి. చిక్కింది. మార్త స్టేజీ మీదే ఉంది. మేమిద్దరం ఫోటోలో పక్కపక్కనే నిలబడాల్సి వచ్చింది, నిలబడ్డాం. ఫోటో తీసేవాడు దగ్గరికి జరగమంటే ఆవిడ జరిగింది. నేనూ జరిగేను. 

సువార్తమ్మగారిని చూసి వెనక వరసల్లోకి వెళ్ళిపోదామనుకున్నాను. కళ్యాణ్ చూసేసేడు. చెయ్యి పట్టుకుని నన్ను వాళ్ళ నాయనమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, మీరిద్దరూ కలిసి ఒక ఫోటో దిగాలన్నాడు. చుట్టూ వాళ్ళ బంధువులు మూగేరు. ఆగిపోయిన టీచరుగారు ఈవిడేనా అని ఎవరో అడిగేరు.

"ఈవిడేనండి" అన్నారు సువార్తమ్మగారు. లేచి నిలబడి నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. "సొంత పిల్ల పెళ్ళి మానుకుని నన్ను ఇంటికి చేర్చేరు. అలాంటి మనుషులు ఎక్కడుంటారండీ." అందరూ చప్పట్లు కొట్టేరు. అక్షయ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ నవ్వుతూ కెమేరా వైపు చూసేరు, నేనూ చూసేను. చిన్న చేతులు, గట్టిగా పట్టుకున్నారు. ఫ్లాషు పడింది. ఇంకోటి అన్నాడు, ఇంకోటి పడింది.

కళ్యాణ్‌ని ఎవరో స్టేజీ మీదికి పిలిచేరు. వాడు అటు తిరిగేడు, అక్షయా వెళ్ళింది. వెంటనే సువార్తమ్మగారు నా చెయ్యి వదిలేసేరు. వదిలేసి, పైట చెంగు ముందుకి లాక్కుని, తన రెండు అరిచేతులూ ఒకదాని తర్వాత ఒకటి, వేళ్ళ సందులతో సహా తుడుచుకున్నారు. తర్వాత కూర్చున్నారు.

హాల్లో ఉక్కగా ఉంది. ఫాన్లు సరిగ్గా తిరగడం లేదు. చెమట పట్టి ఉంటుంది.